టైటిల్ కంపెనీ స్పాన్సర్ చేస్తానంటోంది, తీసుకోవచ్చా? డాలస్ ఉత్తరాన ఇళ్ల మార్కెట్ ఎలా ఉంది?

సంక్రాంతి_కమిటీ
అందరికీ నమస్కారం. ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు తెలుగు కుటుంబాల కోసం చేసే సంక్రాంతి వేడుకకు ఒక టైటిల్ కంపెనీ (ఇంటి హక్కుల రికార్డులు వెతికి, బీమా ఇచ్చి, కొనుగోలు పూర్తి చేయించే సంస్థ) స్పాన్సర్‌గా వస్తామంది. వేదిక మీద బ్యానర్, భోజనాల ఖర్చులో కొంత, ఇల్లు కొనేవాళ్లకు రెండు గంటల ఉచిత తరగతి, ఇవీ వాళ్లు ఇస్తామన్నవి. బదులుగా మూడు అడిగారు: రిజిస్టర్ చేసుకున్నవాళ్ల ఫోన్ నంబర్ల జాబితా, మా వార్తాలేఖలో "క్లోజింగ్ ఇక్కడే చేయించుకోండి" అన్న మాట (క్లోజింగ్ అంటే సంతకాలు, చెల్లింపులతో కొనుగోలు ముగించడం), తరగతిలో వాళ్లతో పనిచేసే ఒక రియల్టర్‌కు అరగంట. ఇందులో ఏది సరైనది, ఏది కాదు? అసలు ఆ తరగతిలో ఏం చెప్పమని అడగాలి? ఇప్పుడు కొనాలా ఆగాలా అని సభ్యులు రోజూ అడుగుతున్నారు, దాని మీద కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

పత్రాల_పేరయ్య
బ్యానర్ పరవాలేదు. తరగతి పరవాలేదు. వార్తాలేఖలో ఆ వాక్యం మాత్రం వద్దు.

రెస్పా అని 1974 నాటి కేంద్ర చట్టం ఉంది. దాని 8వ సెక్షన్ ప్రకారం, గృహరుణంతో జరిగే కొనుగోలులో ఒకరిని ఒక టైటిల్ కంపెనీకి పంపించినందుకు విలువైనది ఏదీ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. ఇచ్చినవాడిదీ తీసుకున్నవాడిదీ తప్పే. అది రియల్టర్లకే కదా, మాది లాభాపేక్ష లేని సంఘం కదా అనుకోకండి. చట్టంలో ఉన్న మాట "ఏ వ్యక్తి అయినా". 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. పైగా కొనుగోలుదారు దావా వేస్తే ఆ సేవకు కట్టినదానికి మూడు రెట్లు. భోజనాల డబ్బు తీసుకుని "ఇక్కడే చేయించుకోండి" అని రాస్తే రెండింటికీ ముడి పడినట్టే.

చట్టం ఒప్పుకునేది మామూలు ప్రచారం, అవగాహన కార్యక్రమాలు. షరతులు రెండు: మనుషుల్ని పంపించడంతో దానికి లంకె ఉండకూడదు; మనుషుల్ని పంపగలిగేవాడు తన జేబులోంచి పెట్టుకోవాల్సిన ఖర్చును కంపెనీ భరించకూడదు. రియల్టర్‌కు అరగంట ఇస్తే చిక్కు వచ్చేది రెండోదాని దగ్గరే. హాలు అద్దె, కరపత్రం ఖర్చు కంపెనీయే పెట్టి, రియల్టర్ ఉచితంగా తన ప్రచారం చేసుకుంటే కుదరదు. కరపత్రంలో సగం చోటు ఆయనదైతే సగం ఖర్చు ఆయనదే.

టెక్సస్‌లో దీనికి తోడు రాష్ట్ర బీమా శాఖ నిబంధన పీ-53 కూడా ఉంది. రిబేట్లు, తాయిలాలు నిషేధించేది అదే. మంచి కంపెనీ అయితే ఈ సంగతులు మీరు అడగకముందే చెప్పాలి. ఫోన్ నంబర్ల జాబితా అడగడం నాకు అసలు నచ్చలేదు. తరగతికి వచ్చినవాళ్లు ఇష్టమైతే తామే కాగితం మీద రాసిస్తారు.

లెక్కల_మాస్టారు
పేరయ్య గారు చెప్పినదానికి అసలు కారణం కూడా తెలియాలి. టెక్సస్‌లో టైటిల్ ఇన్సూరెన్స్ (ఇంటి హక్కులో లోపం బయటపడితే నష్టం కట్టే బీమా) ప్రీమియం రాష్ట్రమే నిర్ణయిస్తుంది. ఏ కంపెనీకి వెళ్లినా ఒకటే ధర. ధరలో పోటీ లేదు కనుక పోటీ అంతా మనుషుల్ని రప్పించుకోవడంలోనే. అందుకే బ్యానర్లు, భోజనాలు, రియల్టర్లకు ఉచిత తరగతులు. చేతికి ఎముక లేకుండా ఇస్తున్నారంటే ఆ డబ్బు మన ప్రీమియంలోంచే వస్తోంది. అందులో సాధారణంగా 85 శాతం స్థానిక ఏజెంటుకు, 15 శాతం వెనకున్న బీమా సంస్థకు పోతుంది. కమిట్‌మెంట్‌లో (ఏ షరతుల మీద పాలసీ ఇస్తారో కంపెనీ ముందే రాసిచ్చే కాగితంలో) షెడ్యూల్ డీ తీస్తే ఆ పంపకం కనిపిస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. 2019 సెప్టెంబరు 1 పట్టికలో మొదటి లక్ష డాలర్లకు 832. పది లక్షల వరకు, లక్ష దాటిన మొత్తాన్ని 0.00527తో గుణించి 832 కలపాలి. 5,00,000 ఇంటికి: 4,00,000 × 0.00527 = 2,108, దానికి 832 కలిపితే 2,940. సరిహద్దు తేడాలకూ రక్షణ కావాలంటే సర్వే సవరణకు ఇందులో 5 శాతం, అంటే 147. కొనేవాడిని కాపాడే ఓనర్ పాలసీతో పాటే తీసుకుంటే, అప్పిచ్చేవాడిని కాపాడే లెండర్ పాలసీకి 100, వాళ్లడిగే ఎండార్స్‌మెంట్లకు (అదనపు రక్షణలకు) కొంచెం. ఈ ప్రీమియం ఒక్కసారే, ఏటా కట్టేది కాదు.

కంపెనీకీ కంపెనీకీ తేడా వచ్చేది ఎస్క్రో ఫీజు (మధ్యవర్తిగా డబ్బు, పత్రాలు చూసుకున్నందుకు), కొరియర్, పత్రాల తయారీ, ఈ-రికార్డింగ్ లాంటి చిల్లర ఖర్చుల్లో. రెండు మూడు చోట్ల ఫీజుల కాగితం తెప్పించుకుని ఈ వరసలే పోల్చండి.

అమీన్‌పూర్_అబ్బాయి
మాస్టారూ, ఆ పట్టికను రాష్ట్రం సవరిస్తూ ఉంటుంది. సంతకం పెట్టే నాటికి అమల్లో ఉన్నదేదో బీమా శాఖ సైట్‌లో తేదీతో సహా చూసుకోమనండి. లెక్క పద్ధతి మాత్రం అదే. రీఫైనాన్స్ చేసేవాళ్లు పాత పాలసీ తేదీ చెప్పి లెండర్ పాలసీ మీద తగ్గింపు వస్తుందా అని తప్పకుండా అడగాలి. నోరు తెరిచి అడగక వదులుకునేవాళ్లే ఎక్కువ.

మెకిన్నీ_మాధవి
ఇక మార్కెట్ సంగతి.

ఫ్రెడ్డీ మ్యాక్ (గృహరుణాలు కొనే సంస్థ) లెక్కలో 30 ఏళ్ల గృహరుణం వడ్డీ 2021 జనవరి 7న 2.65 శాతానికి పడింది, 2023 అక్టోబరు 26న 7.79కి లేచింది, 2025 ఆఖరుకు 6.2 దరిదాపుల్లోకి దిగింది. మూడు శాతంలోపు అప్పు ఉన్నవాళ్లు ఇల్లు వదలరు. అందువల్ల పాత ఊళ్లలో అమ్మకానికొచ్చే మంచి ఇళ్లు తక్కువ. ఇంకా ఉత్తరానికి పోతే లెక్క తిరగబడుతుంది. జనాభా లెక్కల శాఖ ప్రకటన ప్రకారం 2022-23లో దేశంలో అన్నిటికంటే వేగంగా పెరిగిన ఊరు సెలైనా, 26.6 శాతం. 2023-24లో ఇక్కడి ప్రిన్స్‌టన్, 30.6 శాతం. నీళ్లు, రోడ్లు అందుకోలేక ప్రిన్స్‌టన్ 2024 సెప్టెంబరులో కొత్త నివాస నిర్మాణ అనుమతులకే కొన్నాళ్లు అడ్డుకట్ట వేసింది. అంత వేగంగా కట్టిన చోట బిల్డర్ దగ్గర ఇళ్లు మిగులుతాయి. మిగిలిన ఇంటికి ధర తగ్గిస్తే నిన్న కొన్నవాడు ఊరుకోడు. అందుకని ధర అలాగే ఉంచి వడ్డీ తగ్గించి ఇస్తాడు.

ఆ వడ్డీ ఆశ విలువ ఎంతో చూడండి. 4,00,000 అప్పు, 6.5 శాతం: నెలకు 2,528. "2-1 బైడౌన్" అంటే మొదటి ఏడాది 4.5 శాతం మీద 2,027, రెండో ఏడాది 5.5 మీద 2,271, మూడో ఏడు నుంచి మళ్లీ 2,528. రెండేళ్లలో మిగిలేది సుమారు 9,100. బిల్డర్‌కు అయ్యే ఖర్చూ అంతే. అదే 9,100 ధరలో తగ్గిస్తే నెలకు 57 డాలర్లే తగ్గుతాయి, కాని 30 ఏళ్లూ తగ్గుతాయి. మూడేళ్లలోపు అమ్మేవాళ్లకు ధర తగ్గింపే నయం, ఎందుకంటే అమ్మేటప్పుడు పోటీ పక్క వీధిలోని కొత్త ఇంటితో.

ఇంకో పరిమితి ఉంది, సేల్స్ ఆఫీసులో ఎవరూ చెప్పరు. సొంతంగా ఉండటానికి కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ హామీ లేనిది) తీసుకుంటే, అమ్మేవాడు ఇచ్చే సాయం, అప్పు ఇంటి విలువలో 90 శాతం దాటితే ధరలో 3 శాతం, 75 నుంచి 90 మధ్య అయితే 6, అంతకన్నా తక్కువైతే 9 శాతం మించకూడదు. అద్దెకిచ్చేందుకైతే 2 శాతమే. 4,20,000 ఇంటికి 5 శాతం డౌన్ పేమెంట్ కట్టేవాడికి 20,000 ఇస్తామన్నారనుకోండి, పరిమితి 12,600. మిగతా 7,400 ఇంటి ధరలోంచి తీసేసి లోన్ లెక్క వేస్తారు. చివరి వారంలో ఇది బయటపడి కట్టాల్సిన మొత్తం మారిపోతుంది.

టెక్సస్‌లో అమ్మకం ధర బహిరంగంగా నమోదు కాదు. డీడ్‌లో (అమ్మకపు దస్తావేజులో) "పది డాలర్లు, తదితర ప్రతిఫలం" అని ఉంటుందంతే. కౌంటీ రికార్డులో డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇంటిని అప్పుకు తాకట్టు పెట్టే పత్రం) తీస్తే అప్పు ఎంతో తెలుస్తుంది, ధర తెలియదు. కాబట్టి పక్కింటివాళ్లు ఎంతకు కొన్నారన్న కబురు మీద లెక్క కట్టకండి. రియల్టర్ దగ్గర గత 90 రోజుల అమ్మకాల పట్టిక అడిగి, అమ్మేవాడు ఎంత సాయం ఇచ్చాడన్న గడి కూడా చూపించమనండి.

సంక్రాంతి_కమిటీ
మాధవి గారూ, చాలా ఉపయోగం. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు కొనొచ్చా అన్నది మాకు వచ్చే మొదటి ప్రశ్న.

మెకిన్నీ_మాధవి
కొనొచ్చు. మారినవి చెబుతాను. 2025 మే 25 నుంచి కేస్ నంబర్ పడిన ఎఫ్‌హెచ్‌ఏ (కేంద్ర ప్రభుత్వ హామీ ఉన్న) లోన్లు గ్రీన్ కార్డు లేనివాళ్లకు లేవు. కాబట్టి 3.5 శాతం డౌన్ పేమెంట్ దారి మూసుకుపోయింది. కన్వెన్షనల్ లోన్ ఉంది. టెక్సస్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి భూమి కొనుగోళ్ల మీద కొత్త చట్టం వచ్చింది. అందులోని దేశాలు చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా. భారత్ లేదు. టైటిల్ కంపెనీ ఏదైనా ధ్రువీకరణ మీద సంతకం అడిగితే కంగారు పడకండి, చదివి పెట్టండి.

కొనాలా ఆగాలా అంటే నా మాట ఒకటే: ఉద్యోగం పోతే చేతిలో ఉండే వ్యవధి 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇల్లు అమ్మలేరు. అద్దెకిస్తే వాయిదా, పన్ను, హెచ్‌ఓఏ (ఆ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రుసుము అన్నీ అద్దెలో గడుస్తాయా అన్న లెక్క ముందే వేసుకోండి. సంఘం ఇల్లు అద్దెకు ఇవ్వనిస్తుందా అన్నది కూడా హెచ్‌ఓఏ నిబంధనల్లో చూడాలి.

లెక్కల_మాస్టారు
కొత్త ఇళ్ల దగ్గర అందరూ బోర్లా పడేది పన్ను దగ్గర. తరగతిలో కనీసం అరగంట దీనికి పెట్టండి.

ఇక్కడ ఆస్తి విలువ జనవరి 1న ఎలా ఉందో అలా కడతారు. ఆ రోజుకు ఖాళీ ప్లాటైతే పన్ను ప్లాటుకే. లెక్క తేలిగ్గా ఉండటానికి మొత్తం రేటు 2 శాతం అనుకుందాం. ప్లాటు 1,00,000 అయితే ఏడాదికి 2,000, నెలకు 167. వచ్చే ఏడాది ఇంటితో కలిపి 5,00,000 అయితే 10,000, నెలకు 833. లెండర్ మొదటి ఏడాది ప్లాటు లెక్క మీదే ఎస్క్రో (పన్ను కోసం నెలసరిలో కలిపి వసూలు చేసి దాచే డబ్బు) కట్టించుకుంటే 8,000 లోటు పడుతుంది. అప్పుడు నెలసరి ఒకేసారి 1,333 పెరుగుతుంది: 667 కొత్త పన్నుకు, 667 పాత లోటు పూడ్చడానికి. కాబట్టి క్లోజింగ్ డిస్‌క్లోజర్ (చివరి ఖర్చుల కాగితం) రాగానే ఎస్క్రో వరస చూసి "ఇది ప్లాటు మీదా, కట్టిన ఇంటి మీదా?" అని రాతపూర్వకంగా అడగండి. ప్లాటు మీదైతే ఆ తేడా మీరే నెలనెలా పక్కన పెట్టుకోవాలి.

హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చేది): స్కూలు పన్నుకు లెక్కించే విలువలో 2023 నుంచి 1,00,000 ఉండేది, 2025 నవంబరు ఓటింగ్ తర్వాత 1,40,000 అయింది. దరఖాస్తు ఉచితం. కాలిన్ కౌంటీ అయితే కాలిన్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తి విలువ కట్టే కార్యాలయం), డెంటన్ అయితే డెంటన్ డిస్ట్రిక్ట్. డ్రైవర్ లైసెన్సు మీద కొత్త ఇంటి చిరునామా ఉండాలి, తిరస్కరణలు ఎక్కువగా ఇందుకే. డబ్బు కడితే మేం దాఖలు చేస్తాం అని ప్రభుత్వ ముద్ర లాంటి బొమ్మతో ఉత్తరాలొస్తాయి, చించేయండి. మినహాయింపు వచ్చిన మరుసటి ఏడు నుంచి ఆ ఇంటి పన్ను విలువ ఏటా 10 శాతం మించి పెంచకూడదు.

మడ్, పిడ్ వేరు వేరు. మడ్ అంటే నీళ్లు, మురుగునీటి సౌకర్యాల కోసం ఏర్పడిన ప్రత్యేక జిల్లా; దాని పన్ను ఇంటి విలువ మీద రేటు. పిడ్ అంటే రోడ్లు, పార్కుల కోసం ఆ ప్లాటు మీద వేసిన వంతు. దానికి హోమ్‌స్టెడ్ తగ్గింపు వర్తించదు. రెండు నోటీసులూ ఒప్పందానికి ముందే మీ చేతికి రావాలి.

ఇల్లు కొన్న ధర కంటే డిస్ట్రిక్ట్ వేసిన విలువ ఎక్కువుంటే క్లోజింగ్ స్టేట్‌మెంట్ జత చేసి ప్రొటెస్ట్ (ఆ విలువ మీద అభ్యంతరం) వేయండి. గడువు మే 15, లేదా నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజులు, ఏది తర్వాతైతే అది.

పత్రాల_పేరయ్య
టైటిల్ కమిట్‌మెంట్ ఎలా చదవాలో నేర్పమనండి. ఇదొక్కటి నేర్పించినా ఆ కంపెనీ మన సమాజానికి మేలు చేసినట్టే.

ఊళ్లో అయితే ఈసీ తీయించి, లింక్ డాక్యుమెంట్లు లాయరుకు చూపించి, అయినా గుండె చేత్తో పట్టుకుని కొంటాం. ఇక్కడ ఆ వెతుకులాట టైటిల్ కంపెనీది. కనీసం 1979 జనవరి 1 నుంచి ఆ కౌంటీ రికార్డులన్నీ స్థలాలవారీగా పేర్చిన సొంత సూచిక వాళ్ల దగ్గర ఉండాలని రాష్ట్ర నియమం. వెతికినదాంట్లో పొరపాటుంటే పాలసీ మేరకు డబ్బు కట్టాలి. అయితే షెడ్యూల్ బీలో మినహాయించినదానికి కట్టరు. అందుకే బీ చదవాలి.

ఏ: ఎవరి పేరున ఉంది, ఎంత విలువ, స్థలం వివరణ. లాట్, బ్లాక్ నంబర్లు ఒప్పందంలో ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడండి. బీ: పాలసీ వర్తించనివి. ఈజ్‌మెంట్లు (మీ స్థలాన్ని వాడుకునేందుకు ఇతరులకున్న హక్కులు), హెచ్‌ఓఏ నిబంధనలు, ఖనిజ హక్కులు. డెంటన్ కౌంటీ బార్నెట్ షేల్ గ్యాస్ పొర మీద ఉంది కాబట్టి భూగర్భ హక్కులు ఎప్పుడో వేరొకరికి పోయి ఉండటం మామూలే. పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టాలనుకుంటే డ్రైనేజీ, యుటిలిటీ ఈజ్‌మెంట్ ఎన్ని అడుగులో, ఎటువైపో ప్లాట్ మ్యాపులో చూడండి; పాలసీ వచ్చాక చూసి లాభం లేదు. సీ: క్లోజింగ్‌లోపు తీర్చాల్సినవి. పాత లోన్ విడుదల, బిల్డర్ కట్టని మేస్త్రీల బకాయిల లియన్లు (బాకీ కోసం ఇంటి మీద పడే హక్కులు), విడాకుల తీర్పు, వారసుల అఫిడవిట్. డీ: ఆ కంపెనీ ఎవరిది, డబ్బు ఎవరికెంత.

గడువులు. రాష్ట్ర ప్రామాణిక ఒప్పందంలో 6వ పేరా ప్రకారం ఒప్పందం కంపెనీకి అందిన 20 రోజుల్లో కమిట్‌మెంట్ రావాలి. అందాక అభ్యంతరాలు చెప్పడానికి ఎన్ని రోజులో అక్కడి ఖాళీలో రాసి ఉంటుంది. ఆ రోజులు దాటితే అభ్యంతరం చెప్పే హక్కు పోతుంది, సీలోనివి తప్ప. కమిట్‌మెంట్‌కు 90 రోజులే ఆయుష్షు. కొత్త ఇల్లు ఆలస్యమైతే తాజాది తెప్పించాలి.

పాత ఇల్లయితే అమ్మేవాడి దగ్గరున్న సర్వే వాడుకోవచ్చు, మార్పులేవీ లేవని టీ-47 ఫారం మీద ప్రమాణం చేస్తే చాలు. 2024 నవంబరు నుంచి నోటరీ అక్కర్లేని టీ-47.1 కూడా ఉంది. మధ్యలో పందిరో, షెడ్డో, పూలో కట్టి ఉంటే ఆ సర్వే చెల్లదు, కొత్తది చేయించాలి. ఆ సంగతి చివరి వారంలో తేలితే క్లోజింగ్ వెనక్కి జరుగుతుంది.

బిల్డర్‌కు సొంత టైటిల్ కంపెనీ ఉంటే, అందులోనే చేయించాలన్నది అమ్మకానికి షరతుగా పెట్టకూడదు. అదీ రెస్పాయే, 9వ సెక్షన్. అక్కడ చేయిస్తే ఇంత తగ్గింపు అని మాత్రం అంటారు. తగ్గింపు పెద్దదైతే తీసుకోండి, కాని సంబంధం తెలిపే కాగితం అడగండి, కమిట్‌మెంట్ బయటి లాయరుతో చదివించుకోండి.

కడప_క్లోజర్
పేర్ల గురించి ఎవరూ చెప్పలేదు. మన జనానికి ఇది ప్రత్యేకం. తీర్పులు, పన్ను బకాయిలు, పిల్లల పోషణ బకాయిల లియన్లు పేరు మీదే వెతుకుతారు. రావు, రెడ్డి, కుమార్ లాంటి పేర్లకు ఎవరెవరివో వచ్చి పడతాయి. "ఆ మనిషిని నేను కాదు" అని అఫిడవిట్ ఇవ్వాలి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, సోషల్ నంబరులో చివరి నాలుగంకెలు, గత పదేళ్ల చిరునామాలు మొదటి వారంలోనే ఇచ్చేస్తే ఒక్క రోజు పని. చివర్లో అయితే గోరుతో పోయేది గొడ్డలి దాకా వస్తుంది.

పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి రాసి, లైసెన్సులో ఒక్క అక్షరం, లోన్‌లో ఇంటిపేరే లేకుండా ఉంటే డీడ్ ఏ పేరు మీద రావాలో ముందే తేల్చుకోండి. పాస్‌పోర్టులో ఉన్నట్టే డీడ్ రాయించుకోవడం మేలు, మిగతావి "ఈయనే ఆయన" అన్న పేర్ల అఫిడవిట్‌లోకి వస్తాయి. లోన్ ఒక్కరి పేరునే ఉన్నా, ఉండబోయే ఇల్లయితే భార్యాభర్తలిద్దరి సంతకం డీడ్ ఆఫ్ ట్రస్ట్ మీద అడుగుతారు. ఆ నెలలో ఒకరు ఇండియాలో ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి.

అమీన్‌పూర్_అబ్బాయి
ఆ పవర్ ఆఫ్ అటార్నీ గురించి. సాధారణ జీపీఏ పనికిరాదు. ఆ ఇంటి లాట్, బ్లాక్ వివరాలతో, ఆ ఒక్క లావాదేవీకే రాసినది కావాలి. చిత్తు ప్రతిని టైటిల్ కంపెనీ, లెండర్ ఇద్దరూ ఒప్పుకున్నాకే సంతకం. హైదరాబాద్‌లో ఉంటే నానక్‌రామ్‌గూడ అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ, ముద్రకు 50 డాలర్లు, అపాయింట్‌మెంట్ ముందే చూసుకోవాలి. స్థానిక నోటరీతో అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించే దారీ ఉంది, కంపెనీ సరేనంటేనే. స్కాన్ కాపీ చాలదు, అసలు కాగితం కొరియర్లో రావాలి, కౌంటీలో నమోదు చేస్తారు. మూడు వారాలు చేతిలో పెట్టుకోండి. టెక్సస్‌లో 2018 నుంచి ఆన్‌లైన్ నోటరీ ఉన్నా, గుర్తింపు ప్రశ్నలు అమెరికా క్రెడిట్ చరిత్రలోంచి వస్తాయి. తిరిగి వెళ్లి చాలా ఏళ్లయినవాళ్లు అక్కడ ఆగిపోతారు.

తిరిగి వెళ్లినవాళ్లు ఇక్కడి ఇల్లు అమ్మితే ఫిర్ప్టా (విదేశీయులు ఆస్తి అమ్మినప్పుడు ముందే పన్ను పట్టించే చట్టం). అమ్మేవాళ్లు పన్ను లెక్కలో విదేశీయులైతే అమ్మకం మొత్తంలో 15 శాతం కొనేవాడు పట్టి, 20 రోజుల్లో ఫారం 8288తో ఐఆర్‌ఎస్‌కు (కేంద్ర పన్ను శాఖకు) కట్టాలి. కొనేవాడు ఉండటానికే కొంటూ ధర 3,00,000 లోపైతే పట్టనక్కర్లేదు. అక్కడి నుంచి 10,00,000 దాకా 10 శాతం. ఇది లాభం మీద కాదు, మొత్తం ధర మీద! 5,00,000 ఇంటికి 50,000 లేదా 75,000 ఆగిపోతాయి. అసలు పన్ను తక్కువని చూపించే 8288-బీ క్లోజింగ్ నాటికే వేస్తే ఆ డబ్బు జవాబు వచ్చేదాకా టైటిల్ కంపెనీ దగ్గరే ఉంటుంది. పట్టకపోతే బాధ్యత కొనేవాడిది, కాబట్టి కొనేవాళ్లూ తెలుసుకోవాలి. హెచ్-1బీ మీద ఇక్కడే ఉంటూ రోజుల లెక్క సరిపోయినవాళ్లు పన్నుకు రెసిడెంట్లే, వాళ్లకిది పడదు.

ఊళ్లో కాని, ఇక్కడ కాని ఖాళీ ప్లాటు ఉంచుకుని దూరంగా ఉండేవాళ్లకు ఒక మాట. ఇక్కడ ప్లాటు యజమానిలా నటించి అమ్మేసే మోసాలు పెరిగాయి. జాగ్రత్తగల టైటిల్ కంపెనీ పన్ను రికార్డులోని చిరునామాకు ఉత్తరం రాసి అడుగుతుంది. ఆ చిరునామా పాతదైతే ఉత్తరం ఎవరికి చేరుతుంది? అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో మార్పించుకోండి. మీ పేరున ఏదైనా పత్రం నమోదైతే మెయిల్ పంపే ఉచిత హెచ్చరిక చాలా కౌంటీ క్లర్కుల సైట్లలో ఉంది, నమోదు చేసుకోండి.

కడప_క్లోజర్
డబ్బు పంపడం గురించి రెండు ముక్కలు. క్లోజింగ్ ముందు రోజు "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వస్తే అది మోసమే అనుకోండి. వైర్ (బ్యాంకు బదిలీ) వివరాలు వచ్చిన మెయిల్లోని నంబరుకు కాకుండా, మొదట్లో మీరు స్వయంగా సంపాదించిన నంబరుకు ఫోన్ చేసి ఖాతా నంబరు చదివించుకుని సరిచూడండి. వైర్ వెళ్లాక డబ్బు అందిందని కూడా ఫోన్లోనే అడగండి. మోసమని తేలితే నిమిషాల్లో మీ బ్యాంకుకు చెప్పి వెనక్కి పిలిపించమనాలి. గంటలు గడిస్తే దొరకదు.

ఇండియా నుంచి తల్లిదండ్రులు పంపే డబ్బు నేరుగా టైటిల్ కంపెనీకి వద్దు. మీ అమెరికా ఖాతాలోకి క్లోజింగ్‌కు రెండు నెలల ముందే తెప్పించండి, లెండర్ అడిగేది చివరి 60 రోజుల స్టేట్‌మెంట్లు. ఎల్‌ఆర్‌ఎస్ (ఇండియా నుంచి బయటికి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు పరిమితి. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటినదానిపై 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టే పన్ను) పడుతుంది; వాళ్ల రిటర్న్‌లో తిరిగి వస్తుంది కాని ఆలోపు ఆ డబ్బు చేతిలో ఉండదు. ఏడాదిలో వచ్చిన కానుక లక్ష డాలర్లు దాటితే మీరు ఐఆర్‌ఎస్‌కు ఫారం 3520 వేయాలి. పన్ను లేదు, వేయకపోతే జరిమానా నెలకు 5 శాతం చొప్పున 25 దాకా.

సంక్రాంతి_కమిటీ
కమిటీలో మాట్లాడుకుని ఇలా రాద్దామనుకుంటున్నాం. బ్యానర్ సరే, "మా స్పాన్సర్లు" వరసలో అందరితో పాటు. ఫోన్ల జాబితా ఇవ్వం. వార్తాలేఖలో సిఫారసు ఉండదు. రియల్టర్ రావచ్చు, తన వంతు ఖర్చు తనే పెట్టుకోవాలి. ఇవి ఒప్పుకోకపోతే భోజనాల డబ్బు మేమే వేసుకుంటాం. ఇంకేమైనా అడగాలా?

పత్రాల_పేరయ్య
అడగండి. డబ్బు కంటే వాళ్ల మనుషుల సమయం విలువైనది. ఎస్క్రో ఆఫీసర్‌నే (క్లోజింగ్ నడిపే మనిషినే) పంపమనండి, మార్కెటింగ్ మనిషిని కాదు. పేర్లు కొట్టేసిన నిజమైన కమిట్‌మెంట్ ఒకటి ముద్రించి అందరికీ ఇచ్చి వరస వరసా చదివించమనండి. ఏ కంపెనీకి వెళ్లేవాళ్లయినా సరే అందులో కూర్చోవచ్చని పిలుపులో స్పష్టంగా రాయండి.

ఇంకొకటి. డాలస్ పాత పేటల్లో డీడ్ నిబంధనల్లో జాతి పేరుతో "ఫలానావాళ్లకు అమ్మరాదు" అన్న వాక్యాలు ఇంకా కాగితం మీద ఉన్నాయి. అవి ఎప్పుడో చెల్లకుండా పోయాయి. 2021 సెప్టెంబరు నుంచి, ఎస్‌బీ 30 చట్టంతో, యజమాని దరఖాస్తు పెట్టుకుని వాటిని రికార్డులోంచి తీయించుకోవచ్చు. టైటిల్ కంపెనీల దగ్గర ఆ పాత పత్రాలు వెతికే నైపుణ్యం ఉంది. మన సంఘం, పక్క సంఘాలు కలిసి ఇలాంటిది అడిగితే నాకు అసలైన సమాజ సేవ అనిపిస్తుంది. అమెరికన్ లాండ్ టైటిల్ అసోసియేషన్‌కు 2020 నుంచి గుడ్ డీడ్స్ ఫౌండేషన్ ఉంది. టైటిల్ రంగంలో పనిచేసేవాళ్లు తాము సేవ చేసే సంస్థల పేర్లు గ్రాంటుకు సూచించవచ్చు. మీ దగ్గరకు వచ్చినవాళ్లను మీ ఆదివారం తెలుగు బడికో, ఊరి ఆహార నిధికో సూచిస్తారేమో అడగండి.

లెక్కల_మాస్టారు
తరగతి తేదీ సంక్రాంతి రోజున పెట్టకండి, గాలిపటాలు, ముగ్గుల మధ్య ఎవరూ వినరు. ఫిబ్రవరి రెండో శనివారం పెట్టండి. హోమ్‌స్టెడ్ దరఖాస్తు గడువు ఏప్రిల్ 30. గత ఏడాది ఇల్లు కొన్నవాళ్లను లైసెన్సు, డీడ్ కాపీ, క్లోజింగ్ స్టేట్‌మెంట్ తెచ్చుకోమనండి. కాలిన్, డెంటన్ ఫారాలు వేరు వేరు బల్లల మీద పెట్టి, అక్కడికక్కడే ఫోన్లో దాఖలు చేయించి పంపండి. లైసెన్సు మీద పాత చిరునామా ఉన్నవాళ్లకు ముందు వారమే చెప్పాలి, అది మార్చుకోవడానికి రోజులు పడుతుంది.